తూము తలుపు ఎత్తిన సిస్టరమ్మ

అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. జుట్టు నెరిసేదాకా ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పుట్టి పెరిగింది మాత్రం కాలువ గట్టున, నీటి చక్రంతో తిరిగే పిండిమర పక్కన. మర నడిపేది తండ్రే. ఆమె తమ్ముణ్ణి లోపలికి రానిచ్చేవాడు గానీ, కూతురు గడప తొక్కితే కళ్లెర్రజేసేవాడు. "జడ చక్రంలో పడితే ఏంటి నీ గతి? ఫో!" అనేవాడు. కరెంటు మరలొచ్చాక అది మూతపడింది. కాలువ పూడిపోయింది.

ఈమధ్య ఆ మరనూ కాలువనూ బాగుచేశారని విని, దర్జీ పని చేసే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లింది.

మర బాగోగులు చూసే ఇంజనీరు ఒక పడుచు పిల్ల. గట్టు మీద నడిపిస్తూ చెప్పింది: "నది గబగబా పల్లానికి దిగిపోతుందండీ. పైనెక్కడో దాన్నుంచి తీసిన ఈ కాలువ నిదానంగా వస్తుంది. అందుకే ఇక్కడికొచ్చేసరికి నదికన్నా ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తునుంచి దూకే నీళ్లే చక్రాన్ని తిప్పుతాయి."

సిస్టరమ్మ నోరు వెళ్లబెట్టింది. ఆ మర పిండి తిని పెరిగిందే గానీ, ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

మర లోపలికి వెళ్లాక, చక్రం మీదికి నీళ్లు వదిలే పిడి చూసి అడిగింది: "తూము తలుపు నేనెత్తొచ్చా అమ్మా?"

తమ్ముడు కంగారుపడ్డాడు. "అక్కా, నడుం పట్టేస్తే నిన్నెవరు మోస్తారు?"

"నువ్వున్నావుగా!" అంటూ ఆమె పిడి పట్టుకుని తిప్పింది. తలుపు లేచింది, నీళ్లు దూకాయి. చక్రం కాసేపు మొరాయించి, ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. కాళ్ల కింద చెక్క నేల అదిరింది. సిస్టరమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది.

తమ్ముడు మెల్లగా అన్నాడు: "నాన్న నన్నిక్కడ కూర్చోబెడితే ఏడుపొచ్చేది అక్కా. నీకు నేర్పి ఉంటే ఎంత బాగుండేదో!"

"ఇప్పుడు మాత్రం ఏం మించిపోయింది?" అని, ఆమె ఇంజనీరు పిల్లవైపు తిరిగింది. "ఆదివారాలు వస్తే నేర్పుతావా?"

"రండి! మనుషులు దొరక్క చస్తున్నాం."

మొదటి ఆదివారం నీళ్లు ఎక్కువ వదిలేసింది. చక్రం జోరెక్కి, తిరగలి రాళ్లు వేడెక్కి పిండి మాడు వాసన కొట్టింది. ఇంజనీరు పిల్ల పడీపడీ నవ్వి, మళ్లీ చూపించింది. పోనుపోను చేయి కుదిరింది. ఇప్పుడు చూడ్డానికొచ్చినవాళ్లకు కాలువ కథ చెప్పేది సిస్టరమ్మే.

గింజలు మళ్లీ బాగా నలిగేలా, అరిగిన తిరగలి రాయికి ఉలితో గాట్లు పెట్టడం ఈమధ్యే మొదలెట్టింది. మొదటి గాటు వంకరపోయింది. రెండోది కాస్త నయం.