పండుకున్నదంటే పండినట్టు కాదు

మీరు అబద్ధానికి దండ వేశారు. బొంగులూరు దగ్గర వెంచర్లవాళ్ళు కట్టిన ఫ్లెక్సీ మీద "అభివృద్ధి ప్రదాత" అని చదివి, చేతులు జోడించి, ఫోటో దిగి ఇళ్ళకు పోయారు. ఆ బొమ్మలోని మనిషి, హయత్‌నగర్‌లో మా పక్కింటి సార్, నిన్న పొద్దున చనిపోయారు. ఆ వెంచర్ల దారి కోసం లాక్కుంటున్న పొలం గురించి ఎదురు చెప్పడానికి బయల్దేరుతూ పోయారు. ఫ్లెక్సీలో ఆ ముక్క ఎందుకు లేదో అడిగారా?

నాకింకా నమ్మశక్యం కావడం లేదు. భూసేకరణ విచారణకు ఇద్దరం ఇబ్రహీంపట్నం వెళ్ళాలి. గేటు దగ్గర బండి హారన్ కొట్టాను. పలకలేదు. లోపలికి వెళ్తే వరండాలో కుర్చీలో ఉన్నారు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో. "సార్, టైమైంది" అన్నాను. మళ్ళీ అన్నాను. ప్రాణం లేని మనిషిని తొందరపెడుతున్నానని తెలియడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

అంతలో ఫోను. విచారణ దగ్గర నుంచి యాదమ్మ. ఆ పొలం ఆమెదే.

"ఏడ ఉన్నరన్నా? సారు బయలెల్లిండా? ఈడ నా పేరు పిలుస్తున్నరు."

"సార్ లేడక్కా."

"లేడంటే? జర ఎనక వస్తడా?"



సార్ కోస్తా నుంచి వచ్చిన అధికారి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కరువు కాలంలో, పంటలు చూడటానికి యాదమ్మ ఊరికి వెళ్ళారు. యాదమ్మ మామ "ఈ యేడు భూమంత పండుకున్నది సార్" అన్నాడు. వానల్లేక దున్నకుండా వదిలేశామని ఆయన భావం. కోస్తాలో మనుషులు పడుకుంటారు, పండేది పంటే. సార్ "పంట పండింది" అని రాసేశారు. ఊరికి కరువు సాయం ఆగిపోయింది. పెద్దాయన ఆఫీసుకొచ్చి అందరి ముందూ కడిగేశాడు: "సారూ, పండుకున్నదంటే పండినట్టా? మీ ఇంట్ల పిల్లలు పండుకుంటే గంపలకెత్తుకుంటరా?"

సార్ కలెక్టరు దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని ఒప్పుకుని, సాయం ఇప్పించారు. ఈ కథ ఆయనే చెప్పి, అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. నవ్వు ఆగాక, "మన నోట్లో మాట తప్పితే వాళ్ళ నోట్లో ముద్ద పోతుందండీ" అనేవారు.

తర్వాత సచివాలయం, పెద్ద కుర్చీలు, చివరికి ప్రభుత్వ ఆర్థిక సలహాదారు. సమావేశంలో ఎవరైనా "నిరుపయోగ భూములు" అంటే చాలు, "ఊళ్ళో వాటినేమంటారండీ?" అని అడ్డుపడేవారట. తెలియదంటే, వెళ్ళి కనుక్కుని రమ్మనేవారు. తోటి అధికారులు పళ్ళు నూరేవారు.

నేను ఆయన భక్తుణ్ణేమీ కాదు. పరిశ్రమలు రావాలి, రోడ్లు రావాలి అన్నవాళ్ళలో ఆయనా ఒకరు. ఆ రోడ్ల వెంట ఎవరి బతుకులు పోయాయో చెబుతూ నేను తగవు పెట్టుకోని ఆదివారం లేదు. నా వ్యాసం అచ్చయిన రోజు గోడ మీంచే తీర్పు చెప్పేవారు: "ఎరువెక్కువైన చేనులా ఉందండీ. ఏపుగా ఉంది, గింజే పట్టలేదు." ఒళ్ళు మండేది. అయినా మళ్ళీ రాసి ఆయనకే చూపించేవాణ్ణి. నా కోపాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి ఇంకొకరు లేరు.

యాదమ్మ పోయిన యేడు పొలాన్ని పడావు ఉంచింది. భూమికి బలం రావాలని ఒక పంటకాలం విత్తకుండా వదలడం అక్కడి సేద్యం. సర్వేకొచ్చినవాళ్ళు "సాగులో లేదు" అని రాసుకుపోయారు. సాగులో లేని భూమి సేకరణలో ముందు పోతుంది. ఈ సంగతి విన్న సార్, "మళ్ళీ అదే తప్పండీ. ఈసారి చేసింది నేను కాదు, అంతే తేడా. నేనొచ్చి చెబుతాను" అన్నారు.

చెప్పలేకపోయారు. విచారణ సోమవారానికి వాయిదా పడింది. అందుకే అడుగుతున్నాను:

యాదమ్మ పొలాన్ని "సాగులో లేదు" అన్న జాబితాలోంచి తీసేయాలి.

ఆ ఊళ్ళో పడావు ఉన్న ప్రతి పొలం చెక్కకూ అదే వర్తించాలి.

విచారణ ఆఫీసు గదిలో కాదు, పొలం గట్టు మీద జరగాలి.

రైతు చెప్పింది రైతు మాటల్లోనే రాయాలి. చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.

ఇది చదివిన మీరు సోమవారం ఒక్క పూట పని మానుకుని వచ్చి, యాదమ్మ పక్కన నిలబడాలి.