పందిరి రెండో కాలు

ఇల్లులాంటి మోటారు బండ్లలోనే కాపురం పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు మజిలీ చేసే మైదానానికి గొడుగక్క కాపలాదారు. అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. బండి గోడకు బిగించి పక్కకు చాపుకునే గుడ్డ పందిరికి చిరుగు పడినా, దాని రెండు ఇనప కాళ్లలో ఒకటి వంగినా ఆవిడకే కబురు వెళ్లేది. మొగుడు పోయాక ఆ పనే ఆవిడకు కూడు, ఆ పనే తోడు. "మబ్బు కనబడితే ముందు పందిరి ముడవండి, తర్వాత మీ ఇష్టం" అని వచ్చినవాళ్లందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

ఆ మధ్యాహ్నం తెల్ల బండి అబ్బాయి ఆ మాట పెడచెవిన పెట్టి, మందుల కోసం ఊళ్లోకి వెళ్లాడు. బండిలో అతని తల్లి ఒక్కతే ఉంది. ఆమెకు నడుం కిందంతా చచ్చుబడి ఏళ్లయింది. కొడుకు ఆమెను పసిపిల్లలా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం గొడుగక్క పొద్దునే చూసింది.

ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. గాలి ఈడ్చి కొట్టింది. గొడుగక్క పరుగున వెళ్లేసరికి పందిరి మీద నీళ్లు నిలిచి, గుడ్డ నిండు చూలాలి కడుపులా వేలాడుతోంది. చీపురు కర్రకు పాతగుడ్డ చుట్టి కింది నుంచి నెట్టింది. నీళ్లు భళ్లున జారాయి. తేలికైన గుడ్డను గాలి ఎత్తబోయింది. రెండు కాళ్లూ ఒకేసారి దించకపోతే పందిరి బండి గోడనే పీకేస్తుంది. ఆవిడ ఒక కాలు పట్టుకుని దిక్కులు చూసింది.

అవతలి కాలు మెల్లగా కిందికి దిగింది.

కొడుకు తిరిగొచ్చాడనుకుంది. వాన తెరలో, గుడ్డ అంచు వెనక, రెండు చేతులే కనబడ్డాయి.

"ఇంకాస్త దించు బాబూ! ఆఁ, అంతే... ఇక చుట్టు!"

చెప్పింది చెప్పినట్టు జరిగింది గానీ, బదులు మాత్రం రాలేదు. చుట్టిన పందిరి బండికి అతుక్కున్నాక చూస్తే అటువైపు ఎవరూ లేరు. బురదలో ఉన్నవి తన అడుగులే.

బండి తలుపు తోసింది. తల్లి కుర్చీలోనే ఉంది. కిటికీలు బిగించే ఉన్నాయి. నేల పొడి, బట్టలు పొడి. ఒళ్లో ఉన్న చేతులు మాత్రం మోచేతుల దాకా తడిసి ఉన్నాయి, అరచేతుల నిండా తుప్పు.

"గట్టిగానే పట్టుకున్నానా అమ్మాయ్?" అందామె.

గొడుగక్క వంగి ఆ తుప్పును వేలితో తాకి చూసింది.

"పిల్లాడితో అనకు. జడుసుకుంటాడు."

గొడుగక్క తువ్వాలు తీసుకుని ఆ చేతులు తుడిచింది. ఎంత రుద్దినా వాటికి వెచ్చదనం రాలేదు.

కొడుకు తడిసి ముద్దయి వచ్చాడు. "ఒక్కరే ఎలా ముడిచారు పిన్నీ?" అన్నాడు.

"అలవాటేగా నాయనా" అని తప్పించుకుంది. వెనక నుంచి తల్లి చిన్నగా నవ్వింది.

మర్నాడు ఎండ కాసింది. గుడ్డ ముక్కిపోకుండా పందిరి మళ్లీ చాపి, ఆరబెట్టి, వాళ్లను సాగనంపింది. ఆ తర్వాత కూడా ఆవిడ పని మానలేదు. గాలివాన రోజున మాత్రం జంట మనిషి లేనిదే పందిరి ముట్టేది కాదు. ఆ జంట మనిషి ఒక్క క్షణం నోరు మూసినా ఊరుకునేది కాదు.

"మాట్లాడవయ్యా, ఏదో ఒకటి! తిట్టినా సరే!"