నోరు విప్పని పాపకు ఐదు స్టార్లు

మెట్టుగూడలోని మా చిన్న స్కూల్లో, మూడో తరగతికి రీడింగ్ యాప్ ఎంపిక చేసే పని నా నెత్తిన పడింది. పిల్లలు ట్యాబ్ ముందు పాఠం చదివితే, అది విని స్టార్లిస్తుంది. ఈ రోజు ముందుగా శ్రావణిని కూర్చోబెట్టాను. తనింకా కూడబలుక్కునే చదువుతుంది. అందుకే రోజూ బడయ్యాక విడిగా చెబుతున్నాను.

మా క్లాసులో ఒకరు చదవబోతే అందరూ అందుకుంటారు, అదో అలవాటు. శ్రావణి నోరు తెరిచేలోపే క్లాసంతా గొంతెత్తి పాఠం చదివేసింది. ట్యాబ్‌లో ఐదు స్టార్లు వెలిగాయి!

అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ మురిసిపోయారు. "ఇగ ఈ పాపకు సాయంత్రం క్లాసెందుకు? రేపటి నుంచి బంద్ చేయండి."

"మేడమ్, చదివింది తను కాదు, క్లాసంతా..."

"మెషీన్ అబద్ధం చెప్తదా టీచర్?" అంటూ వెళ్లిపోయారు.

శ్రావణి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, నేను చదవలే, వాళ్లు చదివిన్రు. స్టార్లు వాపస్ ఇచ్చేస్త. సాయంత్రం జెర చెప్తరా?"

ఇంటికొచ్చి యాప్ అంతా గాలించాను. స్టార్లు వాపస్ తీసుకునే బటన్ ఎక్కడా లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే, రేపు బడి గంట కొట్టేలోపు చెప్పండి, ప్లీజ్.