ఎవరింట్లో మంచినీళ్ళు తాగేరు?

మొన్న రాజోలు బస్టాండు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే ఆమెను మంచినీళ్ళు అడిగితే సత్తు గ్లాసు కడిగి ఇచ్చింది. సత్తు గ్లాసు చూసి ఎన్నేళ్ళయిందో. సొట్టపడిన అంచు పెదవికి చల్లగా తగిలి, నీళ్ళతోపాటు ఆ సత్తు రుచి గొంతులోకి దిగగానే మా సుభూషణం మాస్టారు గుర్తొచ్చారు. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకంటే నా చేతిసంచిలో ఒక కార్డు ఉంది. శాంతి విద్య పూర్వ విద్యార్థుల సమ్మేళనం అని బంగారు రంగు అక్షరాలు. ముందు మాస్టారి ఫోటోకి పూలమాల, తర్వాత ప్రసంగాలు, ఆ తర్వాత విందు. పూలమాల వేసే పెద్దమనిషి పేరు చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

మాస్టారిని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. డెబ్బైల్లో, అమలాపురానికి కాస్త ఎడంగా, కాలవగట్టు మీద రెండు పెంకుటి గదుల్లో ఆయన ఒక ఏడాది కోర్సు నడిపేవారు. ఊళ్ళల్లో తగవులు ఎందుకొస్తాయి, వాటిని ఎలా తీర్చాలి అన్నదే ఆ చదువు. బక్కపల్చటి మనిషి, పాత సైకిలు, మెడ దగ్గర మాసికేసిన చొక్కా. శిష్యులందరినీ అండీ అనే పిలిచేవారు. మా బ్యాచీలో పదకొండుమందిమి, అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా నాన్న పాలేరు. మా పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేను. నన్ను చేర్చుకోవడానికి మాస్టారు మా ఇంటికొచ్చినప్పుడు నాన్న మొహమాటం లేకుండా అడిగేశాడు.

"ఇది చదివితే మా రూతుకి ఏ ఉద్యోగం వస్తదండి?"

"ఉద్యోగం సంగతి నాకు తెలీదండి. ఎదటి మనిషి ముందు కూచోడం మటుకు వస్తుంది."

నాన్నకి ఆ జవాబు బొత్తిగా నచ్చలేదు. కానీ ఆయన మా గుమ్మంలో చాప మీద కూచుని, అడిగి మరీ సత్తు గ్లాసుతో నీళ్ళు తాగి వెళ్ళడం నచ్చింది. మా పేటలో అలా నీళ్ళడిగి తాగిన చదువుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఆయన చెప్పిన పాఠాలన్నీ చివరికి ఒక్క నియమం దగ్గరికే వచ్చేవి. తగవు తీర్చబోయేవాళ్ళు ముందు రెండు ఇళ్ళల్లోనూ మంచినీళ్ళు తాగాలి. అందులోనూ దెబ్బ తిన్నవాళ్ళ ఇంట్లో మొదట. మా బ్యాచీలో వెంకటరత్నం అని మాటకారి ఒకడుండేవాడు. "దాహం వెయ్యకపోయినా తాగాలాండీ?" అని వేళాకోళం చేశాడు. మాస్టారు నవ్వలేదు. "తాగాలండి. ఆ నీళ్ళు తెచ్చేలోగా ఇల్లంతా కనపడుతుంది. పొయ్యి వెలిగిందా, పిల్లలు బళ్ళోకెళ్ళేరా, దెబ్బ ఎక్కడ తగిలింది, అన్నీ చూస్తారు. కామందు అరుగు మీద కూచున్నారనుకోండి, మీకు అరుగే కనపడుతుంది" అన్నారు.

చదువయ్యాక తలో దారీ పట్టాం. శాంతి చదువుకున్న ఒకడు పోలీసుల్లో చేరాడు. ఒకాయన పాస్టరయ్యాడు. ఇద్దరు బ్యాంకుల్లోనూ, మిగతావాళ్ళు బళ్ళల్లోనూ కుదురుకున్నారు. వెంకటరత్నం లా చదివి నల్లకోటు తొడిగాడు. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఏటా వేసవిలో ఒక రెండో శనివారం ఆ పెంకుటి గదుల్లోనే కలిసేవాళ్ళం. అక్కడ హాజరు పిలవడం మాస్టారికే చెల్లింది. ఒక్కొక్కరినీ లేపి, "ఈ ఏడు ఎవరింట్లో మంచినీళ్ళు తాగేరు?" అని అడిగేవారు. అదే హాజరు. మొదట్లో అందరి దగ్గరా జవాబులుండేవి. పోనుపోను ప్రమోషన్లు, స్కూటర్లు, పిల్లల కాన్వెంటులు జవాబులయ్యాయి. చాపలు పోయి కుర్చీలొచ్చాయి. ఆ కుర్చీల్లోనూ ముందు వరస, వెనక వరస ఏర్పడ్డాయి. మాస్టారు మాత్రం ఆ ప్రశ్న మానలేదు.

ఇక నా సిగ్గులేనితనం చెప్పాలి. ఎనభైల మొదట్లో, మా పేటకి నాలుగు మైళ్ళలో ఇంకో పేట. వాళ్ళ సమాధుల దొడ్డి కాలవ పక్కన ఉండేది. అక్కడికి పోయే దారి ఒక కామందు కొబ్బరితోటలోంచి. ఆయన ఆ దారికి అడ్డంగా కంచె వేయించాడు. ఏసోబు అనే కూలీ, తండ్రి శవపెట్టె మోసుకెళ్ళడానికి కంచె పీకాడు. మర్నాడు కామందు మనుషులు అతని కుడిచెయ్యి విరగ్గొట్టారు. వెంకటరత్నం ఆ కామందుకి వకీలు. నా దగ్గరికొచ్చి, "కేసులూ గట్రా ఎందుకండీ రూతు గారూ, మనం మాస్టారి శిష్యులం. మీ మాటైతే పేటవాళ్ళు వింటారు" అన్నాడు.

వెళ్ళాను. కామందు అరుగు మీద నాకు కుర్చీ వేశారు. వాళ్ళావిడ స్టీలు గ్లాసుతో కాఫీ తెచ్చి నా చేతికిచ్చింది. మా నాన్న జన్మంతా అలాంటి అరుగుల కింద నిలబడ్డాడు. ఆ కాఫీ నా తల తిప్పేసిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ మొహమాటం లేదు. వెంకటరత్నం చెప్పాడు, నేను రాశాను. ఉభయులూ జరిగింది మరచిపోవాలి. కంచె పీకినందుకు ఏసోబు క్షమాపణ చెప్పుకోవాలి. ఇకమీదట ఎవరైనా పోతే కామందుగారి అనుమతి తీసుకుని తోటలోంచి వెళ్ళొచ్చు. కింద నిలబడిన ఏసోబుకి చదివి వినిపించాను.

"సమ్మతమేనా ఏసోబూ?"

"ఆయ్. మీరు చదివేరు కదమ్మా, సరిగ్గానే ఉంటదండి."

అతని కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. ఎడమ బొటనవేలికి సిరా నేనే రాశాను. తుడుచుకోవడానికి రెండో చెయ్యి లేక, ఆ సిరా వేలితోనే వెళ్ళిపోయాడు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

ఆ వేసవి సమ్మేళనంలో ఈ రాజీ గురించి నేను గొప్పగా చెప్పుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు చప్పట్లు అయ్యేదాకా ఆగి, "ఏసోబింట్లో నీళ్ళు తాగేరామ్మా?" అన్నారు. తాగలేదని తల ఊపాను. "కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ కలిసి ఉభయులెలా అయ్యేరండీ? పోనీ, ఆ దారి ఎవరిదో మీ ఆఫీసులో ఊరి పటం ఉంటుంది కదా, చూసేరా?" అన్నారు. గొంతు పెంచలేదు. విస్తట్లో అన్నం వడ్డించి ఉంది. అలాగే వదిలేసి సైకిలెక్కారు. "ముసలాయనకి చాదస్తం పెరిగింది" అన్నాడు వెంకటరత్నం, పప్పు కలుపుకుంటూ. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ భోజనం చేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సోమవారం ఆఫీసులో గుడ్డమూట విప్పి పటం చూశాను. ఆ బీరువా నా కుర్చీకి పది అడుగుల దూరంలో ఉంది. తోట మధ్యనుంచి కాలవదాకా చుక్కల గీత. పుంత. సర్కారు బండిదారి. కామందు దయ తలచి ఇస్తానన్నది అసలు ఆయనది కానే కాదు. అడుక్కోవాలని నేను రాసిన దారి పేటవాళ్ళు తాతలనాటినుంచి హక్కుగా నడిచినదే. చూశాను, పటం చుట్టి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. భయం. ఉద్యోగం పోతుందని కొంత, ఆ అరుగు మీద కుర్చీ పోతుందని కొంత.

పది రోజులకి ఆ పేటలో మరియమ్మ అనే ముసలామె పోయింది. కామందు రాజమండ్రి వెళ్ళాడు, కంచెకి కొత్తగా పెట్టించిన గేటుకి తాళం. అనుమతి ఇచ్చే మనిషి లేడు. రోహిణీ కార్తె ఎండలో, నడిరోడ్డు మీద శవపెట్టె దించి కూచున్నారు. కాగితం ఉంది కదా, దాన్ని మీరకూడదు కదా. మాస్టారు సైకిలు మీద వచ్చి పెట్టె పక్కన నేలమీద కూచున్నారని, శిష్యులందరికీ కబురు పంపారని నాకు ఆఫీసులో తెలిసింది. పోలీసాయనకి డ్యూటీ. పాస్టరుగారికి మీటింగు. వెంకటరత్నానికి కోర్టు. ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. నేను పటం చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

కరణం గారిని పిలిపించి గేటు ముందు పటం పరిచాను. ఆయన అటూ ఇటూ చూసి, పుంత కాదనలేక, తాళం విరగ్గొట్టించాడు. నేను రాసిన కాగితాన్ని అందరి ముందూ నేనే చింపాను. మాస్టారు మెచ్చుకోలేదు. "ఆలస్యంగా వచ్చేరమ్మా" అన్నారంతే. పూడ్చి వచ్చాక నన్ను ఏసోబు గుమ్మంలోకి తీసుకెళ్ళి చాప మీద కూచోబెట్టారు. నేను నీళ్ళడిగాను. ఏసోబు సత్తు గ్లాసు తెచ్చాడు. కుడిచెయ్యి వంకరగా అతుక్కుంది, గ్లాసు పట్టదు. "ఎడంచెయ్యి అనుకోకండమ్మా" అన్నాడు.

ఆఫీసు పటం బయటికి తీసుకెళ్ళినందుకు నన్ను మన్యంలోకి బదిలీ చేశారు. "నాతో ఒక్కమాట అనుంటే అందరికీ మర్యాదగా ఉండేలా చూసేవాణ్ణి కదండీ" అని వెంకటరత్నం నొచ్చుకున్నాడు. ఆ ఏటినుంచి నాకు సమ్మేళనం పిలుపు రాలేదు. రెండేళ్ళకి మాస్టారు పోయారు. ఇన్నాళ్ళకి కార్డొచ్చింది. పూలమాల వేసేది వెంకటరత్నం. నాకు మాట్లాడటానికి అయిదు నిమిషాలు కేటాయించారట. అయిదు నిమిషాలెందుకు? హాజరు పిలుస్తాను. ముందు వరసనుంచి ఒక్కొక్కరినీ లేపి ఆయన అడిగిందే అడుగుతాను. జవాబు లేనివాళ్ళు ఆ ఫోటో ముట్టుకోవద్దంటాను. మైకు లాక్కుంటే లాక్కోనీ.

వేరుశనక్కాయలావిడ ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు అందించింది. అది ఎడంచెయ్యి. అనుకోకండమ్మా అని ఆవిడ అనేలోపే నేను రెండు చేతులతో అందుకున్నాను. ఎడంచేత్తో ఎవరేమిచ్చినా నేను అలాగే అందుకుంటాను.