గురువారాల్లో టైపు చేసిన ఊరు

దుబాయ్ దగ్గర రాస్ అల్ ఖైమాలో ఒక టైపింగ్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. వచ్చేవన్నీ వీసా ఫారాలే. అలాంటి చోటికి రెండు వేల నాలుగులో ఒక ఇంగ్లీషు ముసలాయన చేతిరాత కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. ఆయన క్వారీలో ఇంజనీరు, ఈ దేశం వచ్చి పాతికేళ్లు దాటింది. కాగితాల్లో ఉన్నది ఆయన పుట్టిన ఊరి చరిత్ర.

ప్రతి గురువారం మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఊళ్లో నలభై గడపలట. వీధి వెంటే వాగు, బాతులు దారి దాటుతుంటే కార్లు ఆగాల్సిందే. ఏడు వందల ఏళ్ల నాటి చర్చి గోడ మీద, ఎప్పటి రైతులో కొడవళ్లు నూరిన గాట్లు ఉన్నాయట. "చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి చూసేవాణ్ణి" అంటూ బల్ల మీద వేలు రాసి చూపించాడు.

షాపు ఓనరు మా నెల్లూరాయనే. "ఏంది భాయ్, ఆయన ఊరు ఇంకా ఖలాస్ కాలేదా?" అని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. మా ఊరి గురించి నేను ఒక్క పేజీ కూడా చెప్పలేను.

అంతా అయ్యాక ప్రింటు తీసి చెల్లెలికి పంపాడు. ఆమె జవాబు నా చేతికిచ్చి చదవమన్నాడు. "బాగా రాశావు. కానీ చదవడానికి ఇక్కడెవరున్నారు? బడి మూసేశారు. ఇళ్లన్నీ లండన్ వాళ్లు కొని, సెలవులకు వచ్చిపోతున్నారు. మన ఇల్లూ అమ్మేశాను."

ఆ నెలలోనే కంపెనీ ఆయన వీసా పొడిగించనంది. క్యాన్సిల్ ఫారం నేనే టైపు చేశాను. స్వదేశంలో చిరునామా దగ్గర ఆగి, "ఏం వెయ్యమంటారు సార్?" అన్నాను.

ఆయన తెర మీది ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. "ఊరి పేరు వెయ్యి. ఇంటి నంబరు వదిలెయ్."

రెండు వేల ఎనిమిది చివర్లో మాంద్యం వచ్చి పనులు ఆగిపోయి, మా షాపు మూతపడింది. కంప్యూటర్లలో ఫైళ్లన్నీ చెరిపేసి అమ్మేశారు. నేను అజ్మాన్‌లో వేరే పనికి చేరాక, పాత పోస్టు బాక్సుకు వచ్చిన ఉత్తరం ఓనరు తెచ్చిచ్చాడు. రాసింది ముసలాయన, ఇంగ్లండులో ఎక్కడో పట్నంలో అద్దెగదిలో ఉంటున్నాడట. ఒకసారి బస్సెక్కి ఊరికి వెళితే, "ఊరు చూడ్డానికి వచ్చారా?" అని అక్కడివాళ్లు అడిగారట. చెల్లెలు తిరిగిచ్చిన ప్రింటూ, చేతిరాత కాగితాలూ గదులు మారడంలో పోయాయట. "నీ దగ్గర ఫైలు ఉంటుందిగా, పంపు" అని రాశాడు.

లేదని రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. దానికి ఆయన జవాబివ్వలేదు.