‘తేటపడలేదు’ అని రాశాను

తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేటప్పుడు, ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష రోజు జరిగింది ఇది.

బ్యాక్టీరియా గోడలో మ్యురామిక్ ఆమ్లమనే చక్కెర ఉంటుంది. దాని పట్టు తెంచే ఎంజైమ్ కలిపితే గోడ కూలిపోయి, పలుచటి మజ్జిగలా ఉన్న బ్యాక్టీరియా నీళ్లు పది నిమిషాల్లో తేటపడాలి. మాకిచ్చిన ఎంజైమ్ చెడిపోయినట్టుంది, ఎవరి ట్యూబూ తేటపడలేదు. అయినా అందరూ పేపర్లో ‘తేటపడింది’ అని రాసేశారు. నేనొక్కదాన్నే ‘తేటపడలేదు’ అని రాశాను.

ఎగ్జామినర్ నా పేపరు అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు.

“అందరికీ వచ్చింది నీకెందుకు రాలేదమ్మా? అది కొట్టేసి, పుస్తకంలో ఉండేది రాసి పో.”

“చూసిందే రాసినాను సార్. కొట్టేసేది లేదు.”

గొంతు గట్టిగానే ఉంది కానీ, కోపానికి కళ్లు కారిపోతున్నాయి. వెనక ఎవరో నవ్వారు.

“ఏడిస్తే మార్కులు పడవు,” అన్నారాయన.

అప్పుడు గుర్తొచ్చింది, అదే ఎంజైమ్ కన్నీళ్లలోనూ ఉంటుందని. డ్రాపర్‌తో నా కన్నీళ్లు పట్టి, ఇంకో ట్యూబులోని బ్యాక్టీరియా నీళ్లలో వేశాను.

“పది నిమిషాలు ఈడనే ఉండండి సార్.”

ఆయన ఉన్నారు. ట్యూబు వెనక పెట్టిన నా హాల్‌టికెట్ నంబరు మెల్లగా కనబడింది. ఆయన పేపరు నా చేతికిచ్చి వెళ్లిపోయారు. మొదట రాసింది అలాగే ఉంచి, దాని కింద రాశాను: ‘రెండోసారి తేటపడింది. ఎంజైమ్ నాదే.’

ఇప్పుడు నేనూ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఏటా ఒకరోజు కావాలనే చెడిపోయిన ఎంజైమ్ ఇచ్చి, పేపర్ల కోసం ఎదురుచూస్తాను.