ఆరేళ్ళ రోజీకి నడుం నొప్పి

ఆ రోజుల్లో ఫోనులో ఎవరేం చెప్పినా ‘సరే మేడమ్’ అనేదాన్ని. ఎదురు ప్రశ్న వేస్తే చేతికందిన ఉద్యోగం ఎక్కడ జారిపోతుందోనని భయం. ఫిజియోథెరపీ చదువు ముగించి, తెల్లకోటు కుట్టించుకుని (కుట్టింది మా అమ్మే, మా గని కార్మికుల ఇళ్ళ లైన్లలో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు ఆమె మిషను మీదనే పుట్టేవి) కేజీఎఫ్‌లో ఇంటిపట్టున కూర్చుని ఉన్నాను. మా తాత బంగారు గనిలోకి దిగిన మనిషి. ఆయన నడుం పట్టీ పట్టీ నా చేతులకు చిన్నప్పుడే ఆ విద్య అబ్బిందని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకానికి జీతం ఇచ్చేవాళ్ళు మాత్రం దొరకలేదు. అలాంటి సమయంలో, నాతో చదివిన ఒకమ్మాయి నా నంబరు ఇచ్చిందంటూ మాలూరు వైపునుంచి ఒక మేడమ్ ఫోను చేసింది.

“మా రోజీకి ఆరేళ్ళమ్మా. వీపు పట్టేసింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడం లేదు,” అంది. సరే మేడమ్ అన్నాను. “ముందు ఎంత బాగా పరిగెత్తేదో! పోటీల్లో గెలిచింది కూడా. పడినప్పట్నుంచీ ఇట్లా అయిపోయింది.” సరే మేడమ్. “కొంచెం మొండి. కొత్తవాళ్ళు కనిపిస్తే కరుస్తుంది. నువ్వేం అనుకోవద్దు.” సరే మేడమ్. “క్యారెట్లు తెచ్చావంటే మాత్రం వెంటనే స్నేహం చేస్తుంది.” పిల్లలకు చిప్సు కాకుండా క్యారెట్లు అలవాటు చేసిన ఆ తల్లిని మనసులోనే మెచ్చుకున్నాను. మర్నాడు ఒక రబ్బరు బంతి, ఒక గుడ్డబొమ్మ, సంచీ నిండా క్యారెట్లు పట్టుకుని పొద్దున రైలెక్కాను. మాలూరులో దిగి, ఇటుక బట్టీల మధ్యగా ఆటోలో వెళ్ళి, ఒక పెద్ద తోట గేటు ముందు నిలబడ్డాను.

గేటు తీసినాయనది నంగలి అనే ఊరు. తర్వాత ఆయన నాకు నంగలన్న అయ్యాడు. “రోజీ ఎక్కడుందన్నా?” అన్నాను. “ఆ పక్క మేస్తా ఉండాది, రామ్మా,” అన్నాడు. పసిబిడ్డ తింటోందని మర్యాదగా చెప్పొచ్చు కదా అని నొచ్చుకున్నాను. ఆయన వెంట షెడ్డు మలుపు తిరిగేసరికి అక్కడ మేడమ్ నిలబడి ఉంది. ఆమె పక్కన, నా తలకంటే ఎత్తయిన వీపుతో, నున్నటి ఎర్రటి ఒంటితో ఒక ఆడగుర్రం. నేను ఆ గుర్రాన్ని దాటి అటువైపు తొంగి చూశాను.

“రోజీ ఎక్కడ మేడమ్?”

“ఇదే కదా!”

చేతిలోని గుడ్డబొమ్మను అప్పటికే ముందుకు చాచి ఉన్నాను. గుర్రం బొమ్మను చూసింది. మేడమ్ బొమ్మను చూసింది. “బొమ్మ దేనికమ్మా?” అంది. “సరే మేడమ్,” అన్నాను.

ఆమె అంతా విడమరిచి చెప్పింది. అక్కడ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతారు. రోజీ ఒకప్పటి పందెపు గుర్రం. కిందపడ్డాక జీను వేయబోతే చాలు, చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపిస్తోంది. గుర్రాల డాక్టరు వచ్చి ఎముకలన్నీ చూసి, అవి బాగానే ఉన్నాయి, వీపు కండలు బిగుసుకున్నాయి, రోజూ మసాజ్ చేసి మెల్లగా నడిపించండి అన్నాడట. గుర్రాలకు మసాజ్ చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. “కండ ఎక్కడున్నా కండే కదమ్మా? డాక్టరే నీకు నేర్పిస్తారు,” అంది మేడమ్. తర్వాత గొంతు తగ్గించింది. తోటలో ఆమె అన్నకూ వాటా ఉంది. మనిషిని మోయని గుర్రానికి మేత దండగ అని ఆయన వాదన. పెళ్ళి ఊరేగింపులవాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళారట. “నొప్పితో ఉన్న వీపు మీద సూటు వేసుకున్న పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి, చెవి దగ్గర బ్యాండు వాయిస్తారు,” అన్నప్పుడు ఆమె కళ్ళు తడిశాయి. నేను వెనక్కి తిరిగి రైలెక్కాలనే అనుకున్నాను. కానీ అప్పటికే రోజీ నా సంచీలో మూతి పెట్టి క్యారెట్లన్నీ తినేసింది. తిన్నవాళ్ళను వదిలి పోవడం ఎలాగో నాకు తెలియలేదు.

డాక్టరుగారు మంచివారే గాని ఎప్పుడూ హడావిడి. మొదటిరోజు అరచెయ్యి పరిచి మెడనుంచి తోక దాకా ఎలా నిమరాలో, వెన్నెముక మీద కాకుండా దాని పక్క కండను ఎలా పట్టాలో చూపించి, “గట్టిగా నొక్కొద్దు. ముఖం చూస్తూ ఉండు, గుర్రమే చెబుతుంది,” అని కారెక్కేశారు. ఏం చెబుతుందో ఆయన చెప్పలేదు. నేను కాలేజీలో చదివిందంతా రెండు కాళ్ళ మీద నిలబడే శరీరం గురించి. ఇక్కడ వెనకకాలి మోకాలు వెనక్కి వంగి ఉంది. మూడురోజులు ఆ మోకాలిని చూసి జాలిపడ్డాక, అది మోకాలు కాదు, మడమ అని తెలిసింది (అసలు మోకాలు పైన పొట్ట పక్కన దాక్కుని ఉంటుంది). నంగలన్ననైనా అడుగుదామంటే ఆయన నాకంటే కొత్త. “నేను ఎద్దుల మనిషినమ్మా. దీనికి ముందేదో ఎనకేదో తెలుస్తాది, అంతే,” అన్నాడు. ఆయనకున్న బాధ వేరే. “ముందర నిలబడితే కరుస్తాది. ఎనక నిలబడితే తంతాది. పక్కన నిలబడితే కాలు తొక్కుతాది. ఇంగ మనం యాడమ్మా నిలబడేది?” అన్నాడు. నేను పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీదికెక్కి నిలబడ్డాను.

ఇంట్లో అమ్మతో ఇంకో గందరగోళం. మొదటిరోజు సాయంత్రమే చెప్పాను, “అమ్మా, రోజీ గుర్రం!” అని. అమ్మ మిషను తొక్కుతూనే, “బిడ్డల్ని అట్లంటారా మే? నువ్వేమన్నా తక్కువ ఎగిరినావా ఆ వయసులో?” అంది. “కాదమ్మా, నిజంగా గుర్రం. నాలుగు కాళ్ళు,” అన్నాను. “అలిసిపోయినావు. తిని పడుకో పో,” అంది. మరుసటివారం ఫోనులో ఫోటో తీసుకెళ్ళి చూపించాను. నా ఖర్మకొద్దీ ఆ ఫోటోలో రోజీ ముందు మేడమ్ కూతురు, ఆరేళ్ళ పిల్లే, రెండు జడలతో నవ్వుతూ నిలబడి ఉంది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. “అయ్యో, బంగారు బొమ్మట్లా ఉండాదే! ఈ బిడ్డకా నడుం నొప్పి? వాళ్ళింట్లో గుర్రం కూడా ఉండాదా!” అంది. ఇక నాకు ఓపిక పోయింది.

ఆ శుక్రవారం ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల అమ్మ పెట్టించిన ప్రార్థన కూడిక. పాస్టరయ్య కళ్ళు మూసుకుని, “తండ్రీ, చిన్నబిడ్డ రోజీని నీ చేతులకు అప్పగిస్తా ఉండాము. ఆ లేతనడుమును నువ్వు తాకు ప్రభువా,” అంటున్నారు. లైన్లలోని పెద్దమ్మలందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. కొందరు నిజంగానే ఏడుస్తున్నారు. నేను చెయ్యెత్తాను, చెప్పేద్దామని. పాస్టరయ్య ఒక కన్ను తెరిచి చూసి, “స్తోత్రం చెప్పమ్మా, గట్టిగా చెప్పు!” అన్నారు. చెప్పాను.

తోటలో నా పని సాగుతూనే ఉంది. రోజీ ఇప్పుడు నన్ను కరవడం మానింది. ఒక మధ్యాహ్నం ఎడమ భుజం వెనక, జీను కూర్చునే చోట, చర్మం కింద చింతగింజలా ఒక ముడి నా వేళ్ళకు తగిలింది. మెల్లగా అరచెయ్యి ఆనించి అట్లే ఉంచాను. కాసేపటికి చేతికింద వెచ్చబడింది. ముఖం చూడమన్నారు కదా అని చూశాను. రోజీ కింది పెదవి వేలాడుతోంది. కళ్ళు సగం మూతలు పడ్డాయి. తల కిందికి వాలిపోయింది. ఒకవైపు వెనకకాలు పట్టుతప్పి వంగిపోయింది. మూతి జారడం, ఒక కాలు చచ్చుబడడం: కాలేజీలో మాకు వల్లె వేయించిన పక్షవాతం గుర్తులన్నీ ఆ గుర్రంలో వరసగా కనిపించాయి.

“అన్నా! స్ట్రోక్! రోజీకి స్ట్రోక్ వచ్చింది!” అని అరిచాను.

నంగలన్న ఆ మాట అర్థంకాకపోయినా మూర్ఛ లాంటిదేదో అనుకుని, తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “ఇనుము పట్టించల్ల! చెయ్యి యాడుండాది దీనికి?” అంటూ చుట్టూ తిరిగాడు.

“నాలుగు కాళ్ళకూ లాడాలు ఇనుమేగా అన్నా!” అన్నాను ఏడుస్తూ.

ఆయన ఆగి ఆలోచించాడు. “ఔను కదా. మరి ఎట్లొచ్చింది?”

డాక్టరుగారికి వీడియో కాల్ చేశాను. మొన్నటిదాకా మనుషులకు పనికిరాని నా చేతులు ఇప్పుడొక మూగజీవిని చంపేశాయని ఆయనతో ఏమేమో అన్నాను. “ఫోను దాని ముఖం దగ్గర పెట్టమ్మా,” అన్నారు. పెట్టాను. “ఇద్దరూ అరవడం ఆపండి. హాయిగా కునికిపాట్లు పడుతోంది, లేపేస్తారు,” అన్నారు. అదే క్షణంలో రోజీ నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనిపించేలా, పెద్దగా ఆవలించింది. “అదే నాకు కావలసింది. ఇన్ని రోజుల్లో ఒంటిని వదులు చేయడం ఇదే మొదలు. ఎక్కడ చెయ్యి పెట్టావో అక్కడ సుద్దతో గుర్తు పెట్టు,” అన్నారు. నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆ సుద్ద గుర్తు దగ్గర జీను ఒరుసుకుంటోందని తర్వాత ఆయన వచ్చి చూసి కనిపెట్టారు. మేడమ్ జీను లోపలి మెత్త మార్పించింది. అయినా మనిషిని ఎక్కించే ధైర్యం ఎవరికీ రాలేదు. మేడమ్ వాళ్ళ అన్న మాత్రం ఆదివారం ఊరేగింపులవాళ్ళను మళ్ళీ రమ్మన్నాడని తెలిసింది.

ఆ ముందురోజు శనివారం. నేను బకెట్టు మీద ఉండగా గేటు దగ్గర మా అమ్మ గొంతు వినిపించింది. చర్చికి కట్టే పట్టుచీర, చేతిలో రోజాపువ్వు రంగు గౌను. తనే కుట్టింది, మెడచుట్టూ కుచ్చులు పెట్టి. “బిడ్డను చూసిపోదామని వచ్చినా. యాడుండాది?” అంది. నంగలన్న చూపించాడు. అమ్మ గుర్రాన్ని చూసింది, నన్ను చూసింది, గౌనును చూసుకుంది.

“ఏమే, నువ్వు నాకు చెప్పినావా, గుర్రమని?”

“ఎన్నిసార్లు చెప్పినానమ్మా!”

“చెప్పే తీరులో చెప్పల్ల!” అని గట్టిగా అంది. మళ్ళీ తనలో తనే, “అంతమంది మోకాళ్ళ మీద పడి ఏడ్చింది దీనికా?” అనుకుంది. రోజీ మెడ చాచి గౌనును వాసన చూసి, కుచ్చులు నోట పెట్టుకుని లాగింది. అమ్మ ఇటువైపునుంచి లాగింది. గౌను చిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. అమ్మ దాని ముక్కు మీద చెయ్యి పెట్టి, “నొప్పి ఎవరికైనా నొప్పే లే,” అంది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.

పని అయ్యాక నంగలన్న రోజీని కంచెలోపలికి వదిలాడు. అది నాలుగడుగులు నడిచి, నేలను వాసన చూసి, ముందుకాళ్ళు మడిచి కుప్పకూలింది. వెల్లకిలా తిరిగింది. నాలుగు కాళ్ళూ గాలిలోకి లేచాయి. “ఏసయ్యా! చచ్చిపోతా ఉండాది!” అని అమ్మ అరిచింది. నేను కంచె దూకాను. తాళాల గుత్తికోసం నంగలన్న జేబు తడుముకున్నాడు. ఇంతలో ఇంట్లోంచి మేడమ్ కాళ్ళకు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి, కంచె పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. “దొర్లుతోంది! వీపు మీద దొర్లుతోంది! వీపు నొప్పున్న గుర్రం దొర్లదమ్మా, ఇది ఇక్కడికొచ్చినప్పట్నుంచి ఒక్కసారి కూడా దొర్లలేదు!” అంది. రోజీ అటూ ఇటూ తృప్తిగా వీపు రుద్దుకుని, లేచి, దుమ్ము దులుపుకుని, కంచె పొడవునా పరుగు తీసింది. ఆ సాయంత్రం మేడమ్ జీను వేసి తనే ఎక్కింది. రోజీ చెవులు ముందుకే ఉన్నాయి. అది చూసి, ఊరేగింపులవాళ్ళను రావద్దని మేడమ్ వాళ్ళ అన్నే ఫోను చేసి చెప్పాడు.

బాగు చేసింది నా చేతులా, జీను మెత్తా, మా పెద్దమ్మల కన్నీళ్ళా అని డాక్టరుగారిని అడిగాను. “నాకూ తెలీదమ్మా,” అని కారెక్కేశారు. రైల్లో అమ్మ మాలూరునుంచి బంగారుపేట దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. “ఇంగ రేపు చర్చిలో ఏమని సాక్ష్యం చెప్పేది?” అంది చివరికి. మర్నాడు లేచి నిలబడి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. “మనం ప్రార్థన చేసిన రోజీ లేచి పరిగెత్తింది. నా కళ్ళతో చూసినా. నేను కుట్టిన గౌను దానికి సరిపోలేదు, అంతే,” అంది. చర్చంతా స్తోత్రాలతో మారుమోగింది.

ఇప్పుడు నాకు కేజీఎఫ్‌లోనే, రాబర్ట్‌సన్‌పేటలో సొంత క్లినిక్కు ఉంది. మెట్లెక్కి వచ్చే పెద్దమ్మల్లో ఎవరో ఒకరు, నేను మోకాలు పడుతుండగా, “ఆ రోజీకి పెండ్లీడు వచ్చింటాదే! సంబంధాలు చూస్తా ఉండారా?” అని అడుగుతూనే ఉంటారు. బాగుందమ్మా, మాలూరులోనే ఉంది అంటాను. అది నిజం కూడా. వాళ్ళు వెళ్ళాక, తనకేమీ తెలియదని తెలిసీ, కరుస్తుందని తెలిసీ, అంత పెద్ద జీవి పక్కన చెంప ఆనించి రోజంతా నిలబడిన ఆ తెల్లకోటు పిల్ల గుర్తొస్తుంది. నాకిప్పుడు ఎక్కడ నొక్కాలో, ఎందుకు నొక్కాలో బాగా తెలుసు. ఎవరైనా ఫోను చేస్తే పది ప్రశ్నలు అడిగాకే రమ్మంటాను. ఆ పిల్ల నా క్లినిక్కుకు ఉద్యోగానికి వస్తే తీసుకోనేమో. తీసుకోకపోయినా, వెళ్ళేటప్పుడు కాసేపు కూర్చోబెట్టి టీ మాత్రం ఇస్తాను.